కొండ దిగని పులి

"గొర్లు కాసేవోళ్ళు పొద్దుపోక నేల మీద గీసుకున్న ఆట బావా అది. దాన్ని తెచ్చి చదరంగం పక్కన కూర్చోబెడతావేంది?"

"పక్కన కాదురా, ఒక మెట్టు పైన కూర్చోబెడతన్నా. నీ చదరంగంలో ఏముంది? ఇటు పదహారు, అటు పదహారు. పెళ్ళి బంతిలో విస్తళ్ళేసినట్టు వరసగా నిలబెట్టి, ఇక కొట్టుకోండి అంటారు. అట్టాంటి యుద్ధం యాడన్నా చూశావా నువ్వు?"

"యుద్ధమంటే అదే మరి. సేన ఉండాల, రాజుండాల, మంత్రుండాల. మూడు పులులు, పదిహేను మేకలు... ఇది యుద్ధమా, సంతా?"

"లోకంలో జరిగేది ఇదేరా. తినేవోళ్ళు ముగ్గురు, తినబడేవోళ్ళు పదిహేను మంది. సమానంగా ఉన్నోళ్ళు కొట్టుకోవడం నా జన్మలో నేను చూళ్ళా. సమానంగా ఉంటే కొట్టుకోవడం ఎందుకురా పిచ్చి నా..."

ఆ మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చింది. వచ్చిందంటే ఒకసారి వచ్చి పోయేది కాదు, అరుగు అంచును రెండు చేతులా పట్టుకుని, మెడ నరాలు తేలేదాకా దగ్గితే గానీ వదలదు. మా తమ్ముడు చేతిలో బంటును అటూ ఇటూ తిప్పుతూ, దగ్గు ఆగేదాకా రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. చూడలేకపోతే వాడు ఎప్పుడూ రోడ్డు వంకే చూసేవాడు.

దగ్గింది మా ఆయన. మాచర్ల నుంచి కారంపూడి వచ్చే రోడ్డు పక్కనే మా ఊరు. ఆయన మీసం రాకముందు నుంచీ నాపరాయి క్వారీలో పనివాడు. ఇక తమ్ముడంటే నా సొంత తమ్ముడు, సర్కారు బస్సు డ్రైవరు. సాయంత్రం మాచర్లలో బండి పెట్టేసి, మర్నాడు తెల్లవారే మొదటి బస్సు నరసరావుపేటకు తోలాలి. మా ఊరు దగ్గరే కనుక అప్పుడప్పుడు సైకిలు మీద వచ్చి, బావతో ఒక ఆట ఆడి, నా చేతి ముద్ద తిని మళ్ళీ డిపోకు పోయేవాడు. ఎనభైల్లో మాట ఇది. అప్పటికి నా పెద్దకూతురి పెళ్ళయింది గానీ నేనింకా అమ్మమ్మను కాలేదు.

ఆ చదరంగం పెట్టె వాడే తెచ్చాడు. డిపోలో డ్రైవర్లు పడుకునే గదిలో ఒక ముసలి కండక్టరు నేర్పాడట. పెట్టె చూడగానే దీనికెంత తగలేశావురా అని అడిగాను. చెప్పలేదు. చెప్పకపోవడంలోనే తెలిసింది. కర్రతో చేసిన బొమ్మలు, మడత పెడితే మూసుకునే పలక. కొన్న కొన్నాళ్ళకే ఒక గుర్రం ఎటో పోయింది. దాని బదులు నేనొక కుంకుడుకాయ ఇచ్చాను. ఆ తర్వాత మా అరుగు మీద జరిగిన యుద్ధాలన్నిటిలో ఒక గుర్రం కుంకుడుకాయే.

పులిమేకకు అట్లాంటి ఖర్చేమీ లేదు. మా అరుగు నాపరాయిదే. ఆయన సొంత చేత్తో పొర తీసి పరిచిన రాయి. దాని మీద ఉలితో ఆట గీశాడు: పైన మొనదేలిన కొండ, కొండ నుంచి కిందికి జారే గీతలు, వాటికి అడ్డంగా గీతలు. పదిహేను రాతి పెచ్చులు మేకలు. మూడు ఇటుక ముక్కలు పులులు. పోతే మళ్ళీ వీధిలో ఏరుకోవచ్చు. నన్నడిగితే ఆటలో మొదటి మంచి లక్షణం అదే. ఆట ముగిశాక ఇంట్లో ఏదీ తగ్గి ఉండకూడదు.

నాకు బడి రెండో తరగతితో సరి. లెక్కలు బడిలో కంటే వామనగుంటల దగ్గరే ఎక్కువ వచ్చాయి. గుంటలో ఉన్న చింతపిక్కలన్నీ తీసి ఒక్కో గుంటలో ఒక్కటి వేసుకుంటూ పోతే, చివరి పిక్క ఎక్కడ పడుతుందో తీసేముందే చూసుకోవాలి. చూసుకోని వాళ్ళ చెయ్యి ఖాళీ గుంట దగ్గర ఆగిపోతుంది. సంసారానికి అంతకంటే మంచి చదువు నేను చూడలేదు. మగవాళ్ళు దాన్ని ఆడపిల్లల ఆట అంటారు. ఆడి ఓడిపోయాక అంటారు.

అష్టాచెమ్మా సంగతి వేరు. అందులో బుద్ధి సగం, గవ్వ సగం. మా తమ్ముడు దాన్ని ఆటల్లోనే లెక్కవేసేవాడు కాదు. "పడితే పడుద్ది, లేకపోతే లేదు, దీంట్లో మనిషి గొప్పేముందక్కా?" అనేవాడు. వాడికి తెలియనిది ఒకటుంది. గవ్వల ఆటలో ఓడినవాడు గవ్వల్ని తిట్టుకుంటాడు, ఎదుటివాణ్ణి తిట్టడు. తోడికోడళ్ళు ఆడుకోవడానికి అంతకంటే మంచి ఆట లేదు. ఒక ఇంట్లో పదేళ్ళు ఆడినా మనసులు విరగవు. చదరంగంలో, పులిమేకలో ఆ సందు లేదు. ఓడితే నువ్వే ఓడినట్టు. గెలిస్తే నువ్వే గెలిచినట్టు. నెపం వేయడానికి గవ్వ ఉండదు.

చదరంగాన్ని నేను తక్కువ చేయను. పక్కన కూర్చుని చేటతో చెరుగుతూ చూసి చూసి నాకూ నడకలు తెలిశాయి. ఏనుగు తిన్నగా పోతుంది, శకటు ఏటవాలుగా పోతుంది, గుర్రం ఎగురుతుంది. ఎవరి నడక వారిది, ఒకరి నడక ఇంకొకరు నడవరు. నాలుగడుగుల అవతల ఏం జరుగుతుందో ఇప్పుడే చూడమని నేర్పే ఆట. నాకు పడనిదల్లా ఆ రాజు. కదిలితే ఒక్క గడి. చేసే పని లేదు. అందరూ వాడి చుట్టూ చచ్చేది వాడి కోసమే. వాడొక్కడు ఇరుక్కుంటే, ఇంకా సగం సేన నిలబడి ఉన్నా ఆట కట్టు. మా మామగారు బతికున్న రోజుల్లో మంచం మీద నుంచి ఇల్లంతా అలాగే నడిపాడు. కనుక ఆ రాజు నాకు కొత్త కాదు.

పులిమేకలో ఎవరికోసమూ ఎవరూ లేరు. పదిహేను మేకల్లో ఏది పోయినా ఒకటే నష్టం. మేకలాడేవాడికి ఓపిక కావాలి. ఒక్కో మేకనూ పెట్టేటప్పుడు దాని వెనక ఇంకొకటి ఉందా లేదా చూసుకోవాలి. వెనక ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి తింటుంది. వెనక ఇంకో మేక ఉంటే పులికి పళ్ళున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పులులాడేవాడికి ఓపిక పనికిరాదు. తిరుగుతూ ఉండాలి. ఒకచోట ఆగిన పులిని మేకలు వచ్చి చుట్టేస్తాయి. మూడు పులులూ కదల్లేకపోతే ఆట మేకలదే.

ఈ తేడా మా ఆయన చాలాసార్లు చెప్పేవాడు. మా తమ్ముడు వినేవాడు కాదు. చదరంగంలో వాడు బావను ఓడిస్తాడు, పులిమేకలో బావ వాణ్ణి ఓడిస్తాడు. ఎవరు గెలిచే ఆట వాళ్ళకు గొప్ప. ఏళ్ళ తరబడి ఇదే తగాదా. ఊళ్ళోవాళ్ళకు అదొక వినోదం. పక్కింటి పెద్దమ్మ, "మీ ఇంట్లో యుద్ధం ఇయ్యాల ఎన్ని మేకల కాడ ఆగింది?" అని అడిగేది.

ఆ సాయంత్రం మాత్రం దగ్గు ఆగాక మళ్ళీ ఆట మాట ఎత్తనివ్వలేదు నేను.

"ఆటల మీదున్న శ్రద్ధ ఆ గుండె మీద పెట్టు. డాక్టరు దగ్గరికి పోదాం అంటే మూతి ముడుస్తావు, మేకల్ని తిడితే మాత్రం మీదికొస్తావు" అన్నాను.

"ఇదిగో, మొదలెట్టింది మీ అక్క."

"అక్క అన్నదాంట్లో తప్పేముంది బావా? నరసరావుపేటలో ఛాతీ డాక్టరుతో నేను మాట్లాడొచ్చా. ముందు ఒక ఎక్స్‌రే ఫోటో తీయాలన్నాడు. పొద్దున నా బస్సెక్కితే మాపటికి నా బస్సులోనే దిగుతావు. దానికింత బెట్టేంది?"

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు పెడితే, జొన్నరొట్టె పొంగి విడిపోయినట్టు పొర లేస్తుంది. పాతరోజుల్లో దుమ్ము లేచేది గానీ గాలికి పోయేది. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. చక్రం తిరిగితే మనిషి పక్కన మనిషి కనపడడు. ఇంటికొచ్చేటప్పటికి ఆయన కనురెప్పల మీద కూడా బూడిద. పంచె ఉతికితే నీళ్ళు అట్టు పిండిలా ఉండేవి. ఆయనతో పాటు పనిచేసిన వాళ్ళలో ఒకాయన ఇలాగే దగ్గి దగ్గి చిక్కిపోయి మంచాన పడి చచ్చిపోయాడు. ఇంకొకాయన నరసరావుపేట పోయి చూపించుకున్నాడు. డాక్టరు ముందుగా చెప్పింది, ఇక రాయి ముట్టుకోవద్దని. ఆయన రాయి మానేసి బీడీలు తాగుతూ వీధిలో కూర్చునేవాడు. మా ఆయన ఆ దారిన వెళ్ళేటప్పుడు తల వంచుకుని వెళ్ళేవాడు. దగ్గంటే ఆయనకు భయం లేదు. అలా వీధిలో కూర్చోవడమంటేనే భయం.

"డబ్బుకు చూసుకోబాక, నేను దాచిపెట్టాను" అన్నాను.

"నీ దగ్గర డబ్బు లేదని ఎవురన్నారే? నువ్వు ఉప్పుగల్లు కూడా లెక్కపెట్టేదానివి."

మా తమ్ముడు నవ్వలేదు. చదరంగం బొమ్మలు ఒక్కొక్కటీ పెట్టెలో పడేసి, పలక మూసి పక్కన పెట్టాడు. పులిమేక గీసిన రాయి మీద చేత్తో దుమ్ము తుడిచాడు.

"సరే బావా. మాటలెందుకు? పందెం కట్టు."

"ఏం పందెం?"

"నీ ఆటే. నీ రాయి మీదే. నువ్వు మేకలు పట్టుకో, నేను పులులు పడతా. నేను గెలిస్తే రేప్పొద్దున నోరెత్తకుండా నా బస్సెక్కాల, నరసరావుపేటలో డాక్టరు ఏం చెబితే అది చెయ్యాల."

"నేను గెలిస్తే?"

"ఇక ఆస్పత్రి మాట నేనెత్తను. నా నోటెంట రాదు."

మా ఆయన రాతి పెచ్చులు దోసిట్లోకి తీసుకున్నాడు.

"మాట మీదుంటావా?"

"నువ్వుంటావా?"

"ఇద్దరికీ బుద్ధి లేదు" అన్నాను. నా మాట ఎవరు విన్నారు?

మా పల్నాడు సంగతి తెలియని వాళ్ళకు ఇది పిల్లల ఆట అనిపిస్తుంది. మా వైపు పెళ్ళి సంబంధాల్లో అబద్ధమాడతారు. పొలం గట్ల దగ్గర ఆడతారు. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడైతే ఇక చెప్పనక్కర్లేదు. పందెం దగ్గర మాత్రం ఆడరు. కోడిపందెంలో ఓడి, ఇచ్చిన మాటకు కట్టుబడి ఊళ్ళు వదిలి అడవుల పాలైన వాళ్ళ కథ కారంపూడి చుట్టుపక్కల ఉగ్గుపాలతో పోస్తారు. మాట ఇచ్చి తప్పితే ఏం జరుగుతుందో, ఎన్ని తలలు తెగుతాయో, అదీ పోస్తారు. అందుకే పెద్దవాళ్ళు ఊరికే పందెం కట్టరు. కట్టారంటే అది ఇక ఆట కాదు.

మా తమ్ముడు తెలివిగానే కట్టాడు. వేరే ఏ దారిన చెప్పినా మా ఆయన వినడు. పందెంలో ఓడితే మాత్రం మారుమాట లేకుండా బస్సెక్కుతాడు. అది మా ముగ్గురికీ తెలుసు. చదరంగం మీద పందెం కడితే, నీకొచ్చిన ఆట కాబట్టి గెలిచావంటాడని, కావాలనే బావ ఆట ఎంచుకున్నాడు. అక్కడే ధైర్యం ఎక్కువ చేశాడేమో.

నేను చేటలో శనగలు పోసుకుని గడప దగ్గర కూర్చున్నాను. ఎప్పుడు ఆట చూసినా నేను మేకల పక్షమే. తినేవాడు గెలిస్తే నాకు అన్నం సహించదు. ఆ రోజు మొదటిసారి పులుల పక్షాన కూర్చున్నాను.

మొదట అంతా బాగానే నడిచింది. పులులు మూడూ కొండ మీద నుంచి మొదలయ్యాయి. మా ఆయన ఒక్కో మేకా దించుతున్నాడు. మా తమ్ముడు ఒక పులిని ఎడమకు దింపి, ఒకదాన్ని మధ్యకు దింపి, దూకాడు. ఒక మేక పోయింది. వెంటనే ఇంకొకటి పోయింది. మా ఆయనకు మధ్యలో దగ్గు వచ్చింది. అయినా వాడు తొందర చేయలేదు, దగ్గు తగ్గేదాకా ఆగాడు. నేను లోపలికి పోయి ట్రంకుపెట్టెలో నుంచి ఉతికిన పంచె తీసి పైన పెట్టాను. డాక్టరు దగ్గరికి బూడిద పంచెతో పోకూడదు కదా. పులుసులో ఇంకో వంకాయ కూడా వేశాను. నేను అలా వేసే మనిషిని కాను.

మళ్ళీ వచ్చి కూర్చునేసరికి మేకలన్నీ దిగాయి. రెండు పులులు కింద తిరుగుతున్నాయి. ఒకటి కొండ మీదే ఉంది. మొదట పెట్టినచోటనే.

కాసేపు చూశాను. అది దిగలేదు. మా తమ్ముడు కింద రెంటితోనే ఆడుతున్నాడు. ఏదో ఒకదానితో ముందుకు పోతాడు, వెనక్కి వస్తాడు, కొండ మీది దాన్ని మాత్రం ముట్టుకోడు. నాకు అర్థం కాలేదు. మా ఆయనకు అయింది.

"కొండ మీదోడు దిగడేందిరా?" అన్నాడు.

"వాడట్టానే ఉండనీ. వాణ్ణి పోగొట్టుకుంటే ఇబ్బంది."

"పులుల్లో రాజు లేడురా" అన్నాడు మా ఆయన.

ఆట మధ్యలో ఎదుటివాడికి తప్పు చూపించే మనిషి కాదు ఆయన. కన్నబిడ్డలతో ఆడినా చూపించేవాడు కాదు, ఓడితేనే ఆట వస్తుంది అనేవాడు. ఆ రోజు చూపించాడు. ఎందుకు చూపించాడో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. ఊరికే వేళాకోళం కావచ్చు. వాడు ఆ పులిని దింపితే బాగుండునని లోపల ఎక్కడో ఉండి కూడా కావచ్చు. కావాలని చేతులారా ఓడటం ఆయనకు రాదు. రాయిని సగం కొట్టి వదిలేసే చెయ్యి కాదది. కానీ వాడు గెలిస్తే మాత్రం ఆయన మర్నాడు బస్సెక్కి కూర్చునేవాడు, అందులో నాకు అనుమానం లేదు.

మా తమ్ముడు దాన్ని ఎగతాళి అనుకున్నాడు. "నీ మేకల్ని నువ్వు చూసుకో బావా" అన్నాడు.

వాడి చేతికి చదరంగం అలవాటైంది. ఒకటి భద్రంగా వెనక ఉండాలి, మిగిలినవి ముందుకెళ్ళి కొట్లాడాలి. డిపో గదిలో రాత్రుళ్ళు నేర్చుకున్నది అదే. చిన్నప్పుడు మా పుట్టింటి వాకిట్లో బొగ్గుతో గీసుకుని ఇదే పులిమేక నాతో ఆడినవాడు, అప్పుడు మూడు పులుల్నీ కుక్కపిల్లల్లాగా పరిగెత్తించేవాడు. నన్ను ఏడిపించేవాడు. ఆ ఆట ఏమైందో ఏమో. మంచి ఆట ఒకటి నేర్చుకుని, ఉన్న మంచి ఆటను పోగొట్టుకున్నాడు.

మేకలు మెల్లగా కొండ కిందికి చేరాయి. ఒకదాని వెనక ఒకటి. పై పులి ముందున్న నాలుగు గీతలూ మూసుకుపోయాయి. అప్పటికి మా తమ్ముడికి తెలిసింది. చెయ్యి దాని మీదికి పోయింది. ఎటు దూకడానికీ ఖాళీ లేదు. ఇక కింద రెండే మిగిలాయి. రెండు పులులతో మేకల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అవి చివరిదాకా కొట్లాడాయి గానీ తినడానికి ఒక్క మేక కూడా దొరకలేదు. నా చేట ఎప్పుడో ఆగిపోయింది. ఒరేయ్, అటు కాదు ఇటు అని నోటిదాకా వచ్చింది. ఎటో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మా ఆయన ఆఖరి మేకను జరిపాడు. రాయి మీద రాయి పెడితే చప్పుడవుతుంది. చప్పుడు కాకుండా పెట్టాడు.

"కట్టు" అన్నాడు. గెలిచినవాడి గొంతులా లేదు.

 నాకు ఒళ్ళు మండింది.

"ఇదేంటి, ఇంతేనా? మీరిద్దరూ రాళ్ళు జరుపుకుంటే నా సంసారం ఎటుపోవాలో తేలిపోద్దా? నన్నెవరడిగారు పందెం కట్టేటప్పుడు? రేప్పొద్దున పోతన్నారు. అంతే."

"పందెం పందెమే" అన్నాడు మా ఆయన.

"ఓడినోడు చేసేది గెలిచినోడు చెయ్యకూడదా? గెలిచినోడు బస్సెక్కితే బస్సు కదలదా?"

"ఓడిపోయుంటే ఎక్కేవాణ్ణేనే. ఇప్పుడెక్కితే వాడి మీద దయ తలిచి ఎక్కినట్టు. రేపు డిపోలో వాడికి మొహం ఉంటదా? బావ జాలిపడి వచ్చాడంటారు."

"డిపోలో ఎవడికి తెలుసు ఇక్కడేం జరిగిందో?"

"వాడికి తెలుసు. నాకు తెలుసు."

నేను తమ్ముడి వైపు తిరిగాను. "నువ్వన్నా చెప్పరా. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

వాడు నోరు తెరిచాడు. మూశాడు. "మాటిచ్చా గదక్కా, ఆ మాట ఎత్తనని" అన్నాడు. కళ్ళు మాత్రం బావనే చూస్తున్నాయి. నా పక్కనే, నా తమ్ముడు, మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కుపోగల బలం ఉన్నవాడు, ఒక మాట ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో ఊళ్ళో అయితే ఇది జరగదు. ఏలూరులోనో తెనాలిలోనో అయితే ఓడినవాడు నవ్వేసి, పోదాం పద బావా, ఆటదేముంది అనేవాడు. గెలిచినవాడూ నవ్వేసి వెళ్ళేవాడు. మావాళ్ళకు ఆ నవ్వడం రాదు.

గవ్వలతో ఆడి ఉంటే బాగుండేది. వెధవ గవ్వలు, తప్పు పడ్డాయి, మళ్ళీ వేద్దాం అనేదాన్ని. రాళ్ళను ఏమని తిట్టను? అవి ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాయి.

అన్నాలు పెట్టాను. ఇద్దరూ తిన్నారు. వంకాయ పులుసు బాగుందన్నారు. బస్సుకు కొత్త టైర్లు వేశారని వాడు చెబితే ఆయన విన్నాడు. మిరప ఈసారి ఎలా ఉందని ఆయన అడిగితే వాడు చెప్పాడు. చదరంగం మాట గానీ మేకల మాట గానీ రాలేదు. వాడు సైకిలు ఎక్కబోతూ నా చేతిలో చెయ్యి పెట్టి, "అక్కా" అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను పంచె తీసి మళ్ళీ ట్రంకుపెట్టె అడుగున పెట్టాను.

ఆ మరుసటి ఏడు కందులు కోతకు రాకముందే ఆయన పోయారు. చివరికి తీసుకుపోక తప్పలేదు గానీ, అప్పటికి మనిషిని ఇద్దరం పట్టుకుని బస్సెక్కించాల్సి వచ్చింది. ఫోటో తీశారు. ఛాతీ నిండా రాయే ఉందన్నారు. ముందే వచ్చి పని మానేసి ఉంటే ఇంకొన్నేళ్ళు లాగేవాడేమో అన్నాడు డాక్టరు. ఏమో అన్నాడు. ఆ ఏమో పట్టుకుని మా తమ్ముడు చాలాకాలం తిరిగాడు. చదరంగం పెట్టె డిపోలో ఎవరికో ఇచ్చేశాడు, కుంకుడుకాయతో సహా. మళ్ళీ ఏ ఆటా ఆడలేదు. ఇప్పుడు నా మనవళ్ళు నా దగ్గర కూర్చుని అమ్మమ్మా, చదరంగం గొప్పదా పులిమేక గొప్పదా అని అడిగితే, రెండూ గొప్పవే, దేని నడక దానికి ఉంచండి, దీని బుద్ధితో దాన్ని ఆడకండి అని చెబుతాను. పందెం కడితే చెయ్యి విరగ్గొడతానని కూడా చెబుతాను.

పందెం జరిగిన మర్నాడు పొద్దున రోజూ లేచినట్టే లేచాను. జొన్నన్నంలో మజ్జిగ పోసి, పక్కన పచ్చడి పెట్టి క్యారేజీ కట్టాను. ఆయన సుత్తీ ఉలులూ గోనెసంచిలో వేసుకున్నాడు. క్వారీ లారీ రోడ్డు మలుపు దగ్గర ఆగుతుంది. బస్సు ఆగేదీ అక్కడే. రోజూ నేను వెళ్ళను. ఆ రోజు క్యారేజీ పట్టుకుని వెంట వెళ్ళాను.

లారీ కంటే ముందు బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఒకరిద్దరు ఎక్కారు. డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. బస్సు నిండుగానే ఉంది, కొందరు నిలబడే ఉన్నారు, ఆ సీటు మీద మాత్రం మా తమ్ముడి తువ్వాలు పరిచి ఉంది. వాడు మా వైపు చూడలేదు. స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. కండక్టరు, "ఇంకెవరన్నా ఉన్నారా?" అని అరిచి విజిలు వేశాడు. బస్సు కదలలేదు. మళ్ళీ వేశాడు. లోపల ఎవరో, "ఏందయ్యా, పొద్దెక్కిందాకా ఈడే ఉంటామా?" అన్నారు.

మా ఆయన తువ్వాలును చూశాడు. సంచి ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"పోనీయ్‌రా. జనానికి ఆలస్యమవుద్ది" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. కాసేపటికి లారీ వచ్చింది. పైనున్నవాళ్ళకు ముందు సంచి అందించాడు, తర్వాత క్యారేజీ. చక్రం మీద కాలు పెట్టి, ఊపిరి అందేదాకా ఆగి, ఎక్కాడు. నేను ఇంటికొచ్చి అంట్లు తోముకున్నాను.